రెండు ఎడమ కొమ్ముల దుప్పి

పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. నేను ఒప్పుకోను. బతికున్నన్నాళ్ళూ కోతలు కోసిన మనిషి పాడె ఎక్కగానే సత్యసంధుడు ఎలా అయిపోతాడు?

మా మావ ఫాల్గుణం చివర్లో పోయాడు. పరామర్శకు వచ్చిన ప్రతి మనిషీ అరుగు మీద కూర్చోవడం, గుమ్మం పైన ఖాళీగా ఉన్న రెండు మేకుల వంక చూడటం, "ఎంత వేటగాడమ్మా మీ మావ" అని నిట్టూర్చడం. ఓ పదిమంది వరకూ ఓర్చుకున్నాను. పదకొండో ఆయనతో "ఏం కొట్టాడని వేటగాడండీ?" అనేశాను. లోపలి గదిలోంచి మా అమ్మ దగ్గింది. మా ఇంట్లో ఆ దగ్గుకు నోరు మూసుకోమని అర్థం. నాకు మాటలొచ్చిన నాటి నుంచీ దగ్గుతూనే ఉంది, పాపం. నాకు యాభై దాటాయి.

మావ అంటే అమ్మకు తమ్ముడు. శృంగవరపుకోట దాటాక, ఇక ముందుకు వెళ్తే కొండ ఎక్కాల్సిందే అన్నచోట ఉంటుంది ఆయన ఊరు. కింద వరి, పైన జీడితోట. పొలం పని ఆయన చేతులు చేసేవి, మనసు మాత్రం ఏడాది పొడుగునా తలుపు చాటున నిలబెట్టిన విల్లు దగ్గర ఉండేది. నిలువెత్తు వెదురు విల్లు. దాని నారి కూడా తాడు కాదు, సన్నగా చీల్చిన వెదురు బద్దే. ఆదివారం ఆదివారం దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని ఆముదం రాసేవాడు. అత్త తలకు ఆముదం అయిపోయిందంటే ఎవరు వాడేశారో అడగక్కర్లేదు. అత్త దాన్ని ఏనాడూ విల్లు అనలేదు. "నీ కర్ర తుడుపుకి అడ్డొస్తన్నాది, పక్కకి తియ్యి" అనేది. మావ రెండు చేతులతో దాన్ని ఎత్తి, మంచం మీద పెట్టి, తను నిలబడేవాడు.

పెరట్లో అరటి బొందను నిలబెట్టి గురి చూసేవాడు. అరటి బొందకు మాత్రం ఏ హానీ జరగలేదు. నా కళ్ళ ముందు ఆయన బాణానికి బలైనవి మూడు: పాదు మీది బూడిదగుమ్మడి ఒకటి, పక్కింటివాళ్ళ ప్లాస్టిక్ బిందె ఒకటి, దండెం మీద ఆరేసిన అత్త లంగా. "గాలి" అనేవాడు ప్రతిసారీ, వేలు తడి చేసి పైకెత్తి. ఆకు కదిలేది కాదు.

ఇక ఆ కొమ్ములు. ఆ ఖాళీ మేకులకు ఒకప్పుడు రెండు దుప్పి కొమ్ములు వేలాడేవి. వేసవి సెలవులకు వెళ్ళినప్పుడల్లా వాటి కథ చెప్పించుకునేవాళ్ళం. ఒక ఏడు దుప్పి నలభై అడుగుల దూరంలో ఉండేది. మరుసటి ఏడు గెడ్డకు అవతలి ఒడ్డున. నేను ఇంటర్‌కి వచ్చేసరికి అది గెడ్డ దాటి, ఎదురు కొండ ఎక్కి, తల ఒక్కటే కనబడుతోంది. దాని ఎత్తు కూడా నాతోపాటే పెరిగింది. "కంట్లో కన్ను పెట్టి సూసినాది. నానూ సూసినాను. మంత్రం ఏసినట్టు నిలబడిపోనాది. వదిల్నాను బాణం" అనేవాడు. అక్కడ ఆగి, అత్త వింటోందో లేదో వంటింటి వైపు ఒకసారి చూసేవాడు. అత్త వింటున్నట్టు కనబడేది కాదు. కూర కలుపుతూ ఉండేది.

ఈ లోకంలో ఆ కథను నమ్మాల్సిన మనిషి ఆయనకు ఒక్కర్తే, ఆ వంటింట్లో ఉన్నావిడ. మిగతా మేమంతా ఊరికే కూర్చోబెట్టిన జనం. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

విజయనగరంలో డిగ్రీ రెండో ఏడు జంతుశాస్త్రం చదువుతుండగా వచ్చి, బల్ల మీదికెక్కి కొమ్ములు దింపి చూశాను. నాకు అన్నం అరగని రోజులవి, ఎవరో ఒకరిది తప్పు అని నిరూపిస్తే తప్ప.

"మావా, దుప్పులు ఏటేటా కొమ్ములు రాల్చుకుంటాయి. ఇవి రాలినవి. కొట్టిన జంతువు కొమ్ములైతే మొదట్లో పుర్రె ఎముక అంటుకుని ఉండాలి."

"ఉన్నాది. ఊడిపోనాది."

"పోనీ ఇది చూడు. ఇది ఎడమ కొమ్ము. ఇది కూడా ఎడమ కొమ్మే. రెండు ఎడమ కొమ్ములున్న దుప్పి ఎక్కడుంది?"

మావ కొమ్ముల వంక చూశాడు. నా వంక చూశాడు. ఒక్క క్షణమే.

"అందుకే కదే తిన్నగా లగెత్తలేక నాకు దొరికిపోనాది" అన్నాడు.

వాదనలో నేను ఓడిపోయింది జీవితంలో నాలుగైదు సార్లు. అది మొదటిది.

నా నోరు మూయించాలనో ఏమో, మరుసటి చైత్రంలో "పదవే, నువ్వే సూద్దువుగాని" అని నన్ను కొండమీదికి తీసుకెళ్ళాడు. అక్కడ ఆయనకో నేస్తం ఉన్నాడు. మా వైపు మైదానం వాళ్ళకీ కొండవాళ్ళకీ మధ్య నేస్తం కట్టడం అని ఒక పద్ధతి. ఒకసారి కట్టుకున్నాక ఒకర్నొకరు పేరు పెట్టి పిలుచుకోకూడదు. చచ్చేదాకా "నేస్తం" అనే. అందుకే ఆయన పేరు నాకూ తెలీదు, ఇక్కడ మా మావ పేరు కూడా నేను రాయడం లేదు. కనీసం ఈ ఒక్క మర్యాదైనా పాటిద్దామని.

చైత్రంలో కొండమీద ఇటుకల పండగ, అంటే వేట పండగ. మగవాళ్ళు విల్లంబులతో అడవికి వెళ్ళాలి. ఆడవాళ్ళు వెళ్ళకూడదు. "ఎందుకు వెళ్ళకూడదు?" అని నేను మొదలుపెట్టబోతే నేస్తం భార్య నా చెయ్యి పట్టుకుని "మన పని సాయంత్రం ఉంటాది గుంటా, తొందరపడకు" అంది. మావ ఉదయమే తయారయ్యాడు. తెల్ల చొక్కా వేసుకున్నాడు.

"వేటకు తెల్ల చొక్కా ఏంటి మావా? అడవంతా నిన్నే చూస్తుంది."

"పండగ కదే" అన్నాడు, బొత్తాం పెట్టుకుంటూ.

పొద్దు వాలేవేళకు ఊరి మొదట్లో దారికి అడ్డంగా దుంగ పడేసి, దాని వెనక ఆడవాళ్ళంతా బారుగా నిలబడ్డారు. ఒక్కొక్కరి ముందు ఒక్కో కుండ. రంగునీళ్ళు, వసంతం కాబోలనుకున్నాను. వంగి చూస్తే పేడనీళ్ళు. వేట దొరికితే మగవాళ్ళకు పాటలు, దొరక్కపోతే పేడనీళ్ళు. అదీ ఆ పండగ రివాజు. నేను చదివిన పుస్తకాల్లో ఇంత న్యాయమైన ఏర్పాటు ఎక్కడా లేదు.

మగవాళ్ళు వస్తున్నారు. భుజాల మీద విల్లులే తప్ప ఇంకేమీ లేవు. అందరూ తలలు దించుకుని, అటూ ఇటూ తప్పించుకునే దారి వెతుకుతూ. అందరికంటే ముందు మా మావ. ఆయన మాత్రం తప్పించుకోవడం లేదు. నేస్తం భార్య నా చేతిలో కుండ పెట్టింది.

"కొట్టవే. నీ మావే కదా."

కొట్టాను. సూటిగా గుండెల మీద పడింది. మెళ్ళోకి, జేబులోకి, మీసాల్లోకి. మావ రెండు చేతులూ చాపి అలాగే నిలబడి ఉన్నాడు. ముఖంలో సిగ్గు కోసం వెతికాను, నా అలవాటు కొద్దీ. ఎక్కడా కనబడలేదు. పెళ్ళిపీటల మీద తలంబ్రాలు పడుతున్నవాడిలా ఉన్నాడు. అంత సంతోషంగా ఉన్న మగమనిషిని నేను అంతకుముందు చూడలేదు. తర్వాత కూడా పెద్దగా చూడలేదనుకోండి, అది వేరే వ్యాసం.

గెడ్డలో స్నానాలు చేస్తుంటే ఒడ్డు మీద కూర్చుని నేస్తాన్ని అడిగాను, ఏం జరిగిందని.

"ఏటి జరుగుతాది? ఏటేటా జరిగిందే" అన్నాడు. "పొద్దున్నబట్టి పొద చాటున కూకున్నాం. ఉలుకూ పలుకూ లేకుండా ఉన్నాడు మీ మావ. రాయి లాగ. దుప్పి వచ్చినాది. మేత మేస్తా మేస్తా దగ్గరకొచ్చీసినాది. విల్లు ఎత్తినాడు, లాగినాడు. సరే ఈ ఏడు అయిపోనాది అనుకున్నాం. అప్పుడు 'నేస్తం, సూడు సూడు, ఎంత బాగున్నాదో' అని అరిసీసినాడు."

"దుప్పి?"

"ఎల్లిపోనాది. ఉంటాదేటి?"

"మరి మీకందరికీ కూడా పేడనీళ్ళు పడతాయి కదా ఈయన వల్ల. ఎందుకు తీసుకెళ్తారు?"

నేస్తం రాయితో మడమ రుద్దుకున్నాడు. "దుప్పిని సూసి అంత సంబరపడీవోడు మాలో ఎవుడూ లేడు. అతగాడు లేకపోతే అడివికి ఎల్లినట్టే ఉండదు" అన్నాడు. కొమ్ములు కూడా తనే ఇచ్చానన్నాడు. అడ్డాకులు కోయడానికి వెళ్ళినప్పుడు రెండు వేర్వేరు ఏళ్ళలో దొరికినవట. కుడివీ ఎడమవీ చూసుకోవాలని ఆయనకు తట్టలేదు. నేను చెబితే చాలా నొచ్చుకున్నాడు.

కొండ దిగుతుంటే మావ నా చేత ఒట్టు వేయించుకున్నాడు. చొక్కాను గెడ్డలో మూడుసార్లు ఉతికి పిండాడు, అయినా రొమ్ము దగ్గర ఆకుపచ్చగా మిగిలింది.

"మీ అత్తకి సెప్పకే. గెడ్డలో కాలు జారి పడ్డానని సెప్తాను."

"ఏటేటా జారుతున్నావా?"

"నాచు ఉంటాది కదే" అన్నాడు.

ఒట్టు నిలబెట్టుకున్నాను. నా గురించి తెలిసినవాళ్ళు నమ్మరు కానీ, నిలబెట్టుకున్నాను. లెక్చరర్‌ని అయ్యాక ప్రతి వేసవిలోనూ ఆయనతో పోట్లాడాను. అడవిలో ఉన్నవే నాలుగు జంతువులు, వాటిని వేటాడటం నేరం, జైలు అని. "నానేటి కొట్టినానని?" అనేవాడు నాతో గొంతు తగ్గించి. అదే అరుగు మీద ఇంకో మనిషి కూర్చుంటే "కంట్లో కన్ను పెట్టి సూసినాది" అని మొదలుపెట్టేవాడు. చట్టానికి నిర్దోషి, ఊరికి వీరుడు. ఎన్నేళ్ళు సాగుతుంది అలాగ?

ఫోన్లు వచ్చేదాకా సాగింది. పదేళ్ళ కిందట, పక్కింటి పెళ్ళికి వచ్చినవాళ్ళెవరో మావ చేత విల్లు పట్టించి, వెనక కొమ్ములు కనబడేలా నిలబెట్టి, కథ మొత్తం చెప్పించి వీడియో తీశారు. అది వాట్సాప్‌లో చేతులు మారి మారి రాజాం నుంచి ఆమదాలవలస దాకా వెళ్ళింది. అక్కడి చుట్టాలు "మీ మావ టీవీలోకి వచ్చీసినాడేటి" అని నాకు ఫోన్ చేశారు. నాలుగు రోజులకు ఫారెస్టు జీపు వచ్చి గుమ్మం ముందు ఆగింది.

నేను అప్పటికి అక్కడే ఉన్నాను, అదృష్టమో దురదృష్టమో. జీపులోంచి దిగిన ఆఫీసరు కుర్రవాడు. మర్యాదగానే మాట్లాడాడు. కొమ్ములు దింపించాడు. "ఈ జంతువుని నువ్వే కొట్టావా తాతా?" అని అడిగాడు.

కొట్టానంటే జైలు. కొట్టలేదంటే ఇంట్లో తలవంపులు. మధ్యలో ఇంకో జవాబు లేదు. మావ వంటింటి గుమ్మం వైపు చూశాడు. అత్త అక్కడ నిలబడి చేతులు తుడుచుకుంటోంది. అరుగు కింద సగం ఊరు ఉంది.

"నానే" అన్నాడు మావ.

నేను మధ్యలోకి వచ్చాను. "అబద్ధం సార్" అన్నాను. కొమ్ము మొదలు చూపించాను, రాలిన కొమ్ముకీ నరికిన కొమ్ముకీ తేడా వివరించాను, రెండూ ఎడమవేనని చూపించాను. క్లాసులో ఎప్పుడూ అంత బాగా చెప్పలేదు.

"రంపంతో కోసి అరగదీసినా ఇలాగే ఉంటుందేమో మేడం" అన్నాడు ఆఫీసరు.

"అవును" అన్నాడు మావ. "నానే కోసినాను. రంపంతో."

"మావా, నోరు ముయ్యి."

"మరి ఎడమవి రెండు ఎలా వచ్చాయి తాతా?"

"రెండు దుప్పులు కొట్టినాను" అన్నాడు మావ.

ఆఫీసరు కాగితం తీశాడు. ఒకటికి రెండు నేరాలయ్యాయి. ఒట్టు తీసి గట్టున పెట్టి పేడనీళ్ళ సంగతి చెప్పేద్దామని నోరు తెరిచాను. మావ నా వంక చూశాడు. దణ్ణం పెట్టినట్టుగా ఉంది ఆ చూపు. నేను ఆగిపోయాను. డెబ్బై ఏళ్ళ మనిషి జైలుకు వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నాడు, పెళ్ళాం దగ్గర చిన్నబోవడానికి మాత్రం లేడు. దీన్ని తెలివితక్కువ అనాలి. అప్పుడు అనలేకపోయాను.

ఈలోగా అత్త లోపలికి వెళ్ళింది. ఏడవడానికి వెళ్ళిందనుకున్నాం. ట్రంకు పెట్టె మూత చప్పుడైంది. చేతిలో ఒక చొక్కాతో వచ్చి, ఆఫీసరు ముందు బల్ల మీద పరిచింది. ఒకప్పటి తెల్ల చొక్కా. రొమ్ము మీద ఆకుపచ్చ, దాని మీద గోధుమరంగు, దాని మీద మళ్ళీ ఆకుపచ్చ.

"ఇది ఏటో సెప్పు బాబూ" అంది.

ఆఫీసరు చొక్కా ఎత్తి చూశాడు. వాసన చూశాడు. ముఖంలో ఆఫీసు మొత్తం పోయి, పదేళ్ళ పిల్లాడు మిగిలాడు. "మాది పాడేరు వైపు అమ్మా" అన్నాడు. "మా నాన్నకీ ఉండేది ఇలాంటి చొక్కా."

"ఒక్క ఏడు దుప్పి దొరికినా, ఆ ఒక్క ఏడు ఈ సొక్కా తెల్లగా వచ్చీది. నలభై ఏళ్ళబట్టి ఉతుకుతన్నాను. సబ్బుతో ఉతికినాను, నిమ్మసెక్కతో రుద్దినాను. ఒక్క ఏడూ తెల్లగా రానేదు బాబూ."

అరుగు కింద ఎవరో కిసుక్కుమన్నారు. మావ మాత్రం అత్తనే చూస్తున్నాడు.

"నీకు తెలుసేటి?"

"గొడ్లసావిడి ఎవులు తుడుస్తన్నారు ఈ ఇంట్లో? పేడకంపు తెలీదేటి నాకు?"

"ఎప్పట్నుంచి?"

"పెళ్ళైన ఏటి నుంచి."

"మరి సెప్పలేదేం?"

"నువ్వు సెప్తావని సూసినాను" అంది అత్త.

ఆఫీసరు కొమ్ములు తీసుకుని, మళ్ళీ అడవి వైపు విల్లు పట్టుకుని వెళ్తే ఊరుకోనని గట్టిగా చెప్పి, ఒక కాగితం రాసి సంతకం పెట్టమన్నాడు. "నేను ఏ జంతువునూ కొట్టలేదు" అని ఉంది అందులో. మావ కాగితాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చదివాడు.

"'ఇంకా కొట్టలేదు' అని రాయకూడదేటి?" అని అడిగాడు.

ఆఫీసరు మంచివాడు. "ఇప్పటివరకు" అని ఒక మాట ఇరికించాడు.

మావ రెండు రోజులు అత్తతో మాట్లాడలేదు. నాతో రెండు నెలలు. మరుసటి చైత్రంలో, విల్లు తలుపు చాటునే వదిలేసి, ఉత్త చేతులతో కొండెక్కాడు. పొద చాటున కూర్చుని, "సూడు సూడు" అని దిగి వచ్చాడు. చట్టానికి అంతకంటే ఏం కావాలి? ఈసారి గెడ్డలో చొక్కా ఉతకలేదు. పేడ ఎండి బిరుసెక్కిన చొక్కాతోనే శృంగవరపుకోట బస్సెక్కి, పక్క సీటు ఖాళీగా పెట్టుకుని, నడివీధిలోంచి నడిచి ఇంటికి వచ్చాడట. గుమ్మంలో అత్త అడిగిందట, "ఈ ఏడూ లేదేటి?" అని. "ఎంత బాగున్నాదనుకున్నావు" అని మొదలుపెట్టి, పొద్దుపోయేదాకా చెప్పాడట. అత్త పీట వేసుకుని కూర్చుని విన్నదట. అప్పటి నుంచి ప్రతి ఏడూ అంతే. దుప్పి దూరం నుంచి మళ్ళీ దగ్గరకొచ్చింది. కిందటేడు చెప్పినప్పుడు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.

ఈ ఏడు పండగకు పది రోజుల ముందు పోయాడు. అత్త ఏడవలేదు. పన్నెండో రోజు భోజనాల వేళ దాకా కూడా ఏడవలేదు, మాట్లాడలేదు. ఏం వండాలని అడిగినా తలూపింది. అది చూసి మా అమ్మ భయపడుతోంది.

వడ్డనలు మొదలవుతుండగా వాకిట్లో ఆటో ఆగింది. నేస్తం దిగాడు, కర్ర పోటేసుకుని. వెనక ఆయన భార్య, ఇంకో ముగ్గురు ముసలమ్మలు. నేస్తం భార్య చేతిలో పాలక్యాను. తిన్నగా మావ ఫోటో దగ్గరకు వెళ్ళి, మూత తీసి, గుప్పెట్లోకి తీసుకుని కొట్టింది. దండ మీద, అద్దం మీద, ఆకుపచ్చగా కారింది.

విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు లేచిపోయారు. విశాఖ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు "ఇదేం ఆచారం, శుభ్రం లేదా, శౌచం లేదా" అని మొదలుపెట్టారు. ఆయనకు సమాధానం చెప్పడానికి నేను కొంగు బిగించాను. అమ్మ దగ్గలేదు. అంటే కానివ్వమని.

"అడివికి రానేదు కదా ఈ ఏడు" అంది నేస్తం భార్య, ఎవరికీ కాకుండా. "మేమే వచ్చినాం."

అత్త అప్పటికే లేచింది. లోపలికి వెళ్ళింది. ట్రంకు పెట్టె మూత చప్పుడైంది. చొక్కా తెచ్చి, స్టూలెక్కి, గుమ్మం పైన ఉన్న రెండు మేకులకూ రెండు భుజాలు తగిలించింది. చేతులు చాపినట్టుగా నిలబడింది చొక్కా.

"అద్దం మీద ఎందుకు, పాడైపోతాది" అంది. "దీని మీద కొట్టండి."

ముసలమ్మలు నలుగురూ కొట్టారు. ఒక్కటీ గురి తప్పలేదు. క్యాను నా చేతికి వచ్చింది. పందొమ్మిదేళ్ళప్పుడు సూటిగా గుండెల మీద కొట్టిన చెయ్యి ఇది. ఎత్తి కొట్టాను. పక్కన గోడకు తగిలింది.

"మావ పోలికే" అన్నాడు నేస్తం.

అత్త నవ్వింది. నవ్వుతూనే ఉంది, స్టూలు మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, అది నవ్వు కాకుండా పోయేదాకా. మా అమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది.

అది జరిగి మూడు వారాలైంది. చొక్కా ఆ మేకులకే ఉంది. నిన్న నేను వెళ్ళినప్పుడు, ఈగలు ముసురుతున్నాయి, తీసి ఉతకనా అని అడిగాను.

"ఉండనీవే" అంది అత్త. "ఇప్పుడే కదా వచ్చినాడు."